కొత్తవాళ్ళకి పెట్టె, శిక్షణ: సంఘం ఎంత తీసుకోవాలి? అర్జెంటు

టెక్కలి జీడితోట (రాత్రి 11:52)
అన్నలందరికీ నమస్కారం. సాయంత్రం నుంచీ కాగితం ముందేసుకుని కూర్చున్నాను, అంకె తేలడం లేదు. ఆదివారం మా తేనెటీగల పెంపకందార్ల సంఘం మీటింగు. కొత్తగా చేరేవాళ్ళకి పెట్టె ఎంతకివ్వాలి, శిక్షణకి ఎంత తీసుకోవాలి, రాసి తెమ్మని నా నెత్తిన పెట్టారు. పెట్టెకి 6,000, శిక్షణకి 2,000 అని రాస్తే అధ్యక్షుడు ‘మనమేటి వ్యాపారం చేస్తన్నామా’ అన్నాడు. పెట్టె 3,000, శిక్షణ ఉచితం అంటే కోశాధికారి ఫోన్ పెట్టేశాడు. మీ దగ్గర ఎంత తీసుకుంటున్నారో ఒక్క అంకె చెప్పండి, రాసేసి పడుకుంటాను.

పుట్టతేనె
ఏ ఈగ?

కవిటి కొబ్బరి
శిక్షణకి డబ్బులేటి అన్నా? ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది కదా, అక్కడికి పంపండి. తిత్లీ తుఫానుకి తోటలు పోయి ఉద్దానంలో జనం ఇంకా తేరుకోలేదు. వాళ్ళ దగ్గరా వసూలు చేసేది?

బొబ్బిలి మాస్టారు (రిటైర్డు)
అసలు సంఘాలు ఈగలు అమ్మడమే నాకు నచ్చదు. మన పుట్టతేనెటీగ చెట్టు తొర్రలో, చీమలపుట్టలో, పాత గోడ సందులో తనంతట తాను బతుకుతుంది. పట్టు కోసి ఫ్రేముకి, అంటే పెట్టెలో వేలాడే చెక్క చట్రానికి, అరటినారతో కట్టి, రాణిని జాగ్రత్తగా పెట్టెలోకి ఎక్కిస్తే మిగతా ఈగలు వాటంతటవే వస్తాయి. నేర్పవలసిన విద్య అది! 1990ల మొదట్లో థాయ్ శాక్‌బ్రూడ్ అనే వైరస్ వచ్చి దక్షిణాదిలో పుట్టతేనెటీగ కుటుంబాలు ఊడ్చిపెట్టుకుపోయాయి. పిల్లలు గదుల్లోనే నీటి సంచుల్లా ఉబ్బి చచ్చిపోయేవి. దానికి ఈనాటికీ మందు లేదు. ఎక్కడివో తెలియని పెట్టెలు లారీల్లో తెచ్చి ఊరూరా పంచితే జబ్బును పంచినట్టే. ఇక తేనె పేరుతో పంచదార పాకం అమ్మేవాళ్ళ సంగతి ఎత్తానంటే తెల్లారిపోతుంది.

పుట్టతేనె
మాస్టారూ, అడిగింది ధర.

బొబ్బిలి మాస్టారు (రిటైర్డు)
ధర కన్నా ముందు ధర్మం ఉంటుంది నాయనా.

పుట్టతేనె
పుట్టతేనెటీగా, ఇటాలియన్ ఈగా? ఈగలతోనా, వట్టి చెక్కా? ఎన్ని ఫ్రేములు? ఇవి లేకుండా అంకె ఎవడు చెప్తాడు?

టెక్కలి జీడితోట
పెట్టె అంటే ఈగలతోనే కదండీ. ఖాళీ పెట్టె ఎవరిక్కావాలి?

ఎస్.కోట వడ్రంగం
నాకు రోజూ ఖాళీ పెట్టెలకే ఆర్డర్లొస్తాయి మరి. పెట్టె అంటే చెక్కే. ఈగలుంటే దాన్ని కుటుంబం అనాలి.

కవిటి కొబ్బరి
కాలనీ అంటాం మేము.

ఎస్.కోట వడ్రంగం
ఏదన్నా అనండి, రేటు రాసేటప్పుడు విడగొట్టి రాయండి. మా ఊళ్ళో ఒకాయన ‘పెట్టె ఇంత’ అని చవగ్గా ఉంది కదా అని డబ్బు కట్టొచ్చాడు. వట్టి చెక్క చేతికిచ్చి ఈగలకి వేరే అన్నారట. పెద్ద గొడవైంది.

నెల్లిమర్ల అక్క
తమ్ముడూ, చెక్కా, ఈగలూ, చదువూ ఒకే అంకెలో కుదరవు. చెక్క ధర వడ్రంగి చెప్తాడు, దానిమీద సంఘం లాభం వేసుకోకూడదు. ఈగలకి ఫ్రేము లెక్క. రెండువైపులా ఈగలు కమ్ముకుని, లోపల గుడ్లూ పిల్లలూ ఉన్న ఫ్రేముకే డబ్బు. ఖాళీ మైనం పట్టు లెక్కలోకి రాదు.

ఫ్రేముకి ఎంత అంటావు. ఈగలు ఇచ్చిన సభ్యుడికి ఏం పోయిందో చూడు. జీడిపూతకి ముందు ఒక కుటుంబాన్ని రెండు చేశాడంటే ఆ ఏడు పూత తేనె అతనికి పెద్దగా రాదు. కొత్త రాణి గుడ్డు నుంచి ఈగై బయటికి రావడానికే సుమారు 16 రోజులు. తర్వాత పోతుటీగలతో కలిసి వచ్చి గుడ్లు పెట్టాలి, ఆ పిల్లల గదులకి మూత పడాలి. అంతవరకూ మేతా కాపలా అతనివే. పోయిన తేనె ఖరీదు, మేతగా పోసిన పంచదార పాకం, అతని కూలీ కలిపి ఫ్రేములతో భాగించు. అధ్యక్షుడికి వ్యాపారంలా కనిపించదు, కోశాధికారికి నష్టంలా కనిపించదు. డబ్బు మాత్రం రాణినీ, మూత పడిన పిల్లల్నీ కొనేవాడి కళ్ళకి చూపించాకే తీసుకోండి.

మే, జూన్‌లో చవగ్గా ఇచ్చెయ్యకండి. చాలామంది సభ్యులు పాకం ఖర్చు తప్పుతుందని అప్పుడే వదిలించుకుంటారు. వానల్లో పూత ఉండదు, కొత్తవాడికి మేత పెట్టడం తెలీదు. పుట్టతేనెటీగలైతే మేత తగ్గినా, చీమలు పట్టినా గూడు వదిలి లేచిపోతాయి. చవగ్గా కొన్నవాడికి చివరికి చెక్కే మిగులుతుంది.

శిక్షణ మాట. మొదటిరోజు పాఠం ఊరికే చెప్పండి. డబ్బు తీసుకోవలసింది ఆ తర్వాతి ఏడాదికి. మైనపు పురుగు పట్టిన ఫ్రేము తియ్యాలా వద్దా, రాణి కనబడటం లేదు ఏం చెయ్యాలి అని ఫోన్ వచ్చేది అప్పుడే. బండేసుకుని వెళ్ళే సభ్యుడికి పెట్రోలు ఎవరిస్తారు? మా దగ్గర అంతా ఉచితం అన్నన్నాళ్ళూ సర్టిఫికెట్టుకీ భోజనానికీ వచ్చారు. ఇప్పుడు డిపాజిట్టు కట్టించుకుంటున్నాం, ఏడాది నిలబడినవాళ్ళకి సగం వెనక్కి.

కవిటి కొబ్బరి
డిపాజిట్టు కట్టలేనివాళ్ళో అక్కా?

నెల్లిమర్ల అక్క
వాళ్ళ దగ్గర ఈగలే తీసుకోండి. మేకల్ని పాలికిచ్చినట్టు ఇప్పుడు ఒక కుటుంబం ఇచ్చి, పై ఏడు విడగొట్టినదాంట్లోంచి ఒకటి సంఘానికి తిరిగి తీసుకోవడమే. మేం ఇద్దరికి అలా ఇచ్చాం. ఒకాయన తెచ్చిచ్చాడు, ఇంకొకాయన ఫోనెత్తడం లేదు.

టెక్కలి జీడితోట
మావి పుట్టతేనెటీగలేనండి. కొన్నిట్లో ఆరు ఫ్రేములు, కొన్నిట్లో నాలుగు. సగం పెట్టెలు పథకం కింద వచ్చినవి, సబ్సిడీ పోగా మాకు పడింది తక్కువే. అందుకే అధ్యక్షుడు 3,000 చాలంటున్నాడు.

పుట్టతేనె
ఇది ఇప్పుడా చెప్పడం?

ఎస్.కోట వడ్రంగం
పథకం పెట్టెలు ఎవరి పేరున వచ్చాయో వాళ్ళవి కదా. సంఘం ఎలా అమ్ముతుంది బాబూ?

టెక్కలి జీడితోట
అమ్మడం కాదండీ, వాడనివాళ్ళవి వాడేవాళ్ళకి ఇప్పిస్తున్నాం.

నెల్లిమర్ల అక్క
3,000 తీసుకుంటే అమ్మడమే తమ్ముడూ. ఆ పెట్టెలు ఈ కాగితంలో కలపకు. ఇచ్చిన ఆఫీసులో అడిగాకే ముట్టుకోండి. నాలుగు ఫ్రేములదీ ఆరు ఫ్రేములదీ ఒకే ధరకి ఇస్తే మాత్రం మొదటి పంచాయితీ మీ ఊళ్ళోనే.

బొబ్బిలి మాస్టారు (రిటైర్డు)
లేచిపోతే డబ్బు తిరిగివ్వాలా వద్దా అన్నది కూడా ముందే రాసుకోండి. చిత్తగించవలసిన విషయం ఏమిటంటే, తొర్రలోంచి ఎక్కించుకున్నవాడికి ఈ బెంగ ఉండదు.

పుట్టతేనె
అవీ లేచిపోతాయి మాస్టారూ.

టెక్కలి జీడితోట (మర్నాడు ఉదయం 6:10)
ఫ్రేము లెక్కనే రాశాను. పథకం పెట్టెలు తీసేశాను. థాంక్స్ అక్కా.

పుట్టతేనె
ఫ్రేముకి ఎంత రాశావు?

మందస కుర్రోడు
అన్నా, పలాస చుట్టుపక్కల ఈగలకి పట్టే పొగడబ్బా ఎవరమ్ముతున్నారు? ఇక్కడ ఎవరినడిగినా తెలీదంటన్నారు.