ఆధార్ లేని అక్కకు ఆ సుప్రీంకోర్టు ఉత్తర్వు పనికొస్తుందా?

మాది కావలి. మొన్న హైవే పక్క లాడ్జి మీద రైడ్ జరిగినప్పుడు మా వీధి చివర ఉండే, సెక్స్ వర్క్ చేసే యానాది అక్కను కూడా పట్టుకెళ్లారు. కొంగున ముడేసుకున్న రేషన్ కార్డు జెరాక్స్ తప్ప ఆమె దగ్గర ఏమీ లేదు, అదీ నలిగి అక్షరాలు చెరిగిపోయింది.

ఇష్టంతో ఈ పని చేసే మేజర్ స్త్రీలను రైడ్‌లో అరెస్టు చేయకూడదని, రాష్ట్ర ఎయిడ్స్ కంట్రోల్ సొసైటీ సర్టిఫికెట్ ఉంటే అడ్రస్ ప్రూఫ్ లేకున్నా ఆధార్ ఇవ్వాలని 2022 మే 19న సుప్రీంకోర్టు చెప్పింది. వినడానికి బాగుంది. న్యూజిలాండ్‌లో 2003 నుంచి ఈ పని నేరం కాదు, కానీ తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు మాత్రం చేయకూడదు. చట్టం ఎంత మెత్తగా ఉన్నా సరైన కాగితాలు లేని ఇలాంటి వాళ్లకు అందుతుందా అని నా అనుమానం.

నెల్లూరులోనో ఒంగోలులోనో ఆ సర్టిఫికెట్ ఎవరికైనా ఇప్పించారా? ముందు ఎవరిని కలవాలి? ఊళ్లో తెలిసిపోతుందేమోనని అక్కకు ఒకటే టెన్షన్.