పట్టాల మీద ఒక ప్రాణం పోయినప్పుడు: బండ్లు ఆగడం, మనుషులను ఆపుకోవడం

ప్రశ్న: సీజన్ టికెట్టు ప్రయాణికుడు, వరంగల్

నేను వరంగల్ నుంచి సికింద్రాబాద్‌కు రోజూ రైలులో ఉద్యోగానికి వెళ్లి వస్తుంటాను. ఈ మధ్య ఒక సాయంత్రం తిరుగు ప్రయాణంలో మా బండిని ఆలేరులో చాలాసేపు నిలిపివేశారు. ముందు సెక్షన్‌లో ఎవరో ప్రాణం తీసుకున్నారన్న సంగతి అధికారికంగా ఎవరూ చెప్పకముందే వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేసింది. "ఒక్కరి కోసం ఇంతమందిమి ఆగాల్నా" అని ఒకాయన విసుక్కున్నారు. మరొకాయన ఫోనులోకి వచ్చిన వీడియోను పక్క సీటు వారికి చూపించబోతే, ఒడిలో పాపను పెట్టుకున్న ఒక తల్లి కోపంగా వద్దని వారించింది.

అప్పటి నుంచి నాకు కొన్ని సందేహాలున్నాయి. బండ్లు అంతసేపు ఎందుకు ఆగుతాయి, ఆ సమయంలో అసలేం జరుగుతుంది? కొన్ని దేశాల మెట్రోల్లో ప్లాట్‌ఫారం అంచున తలుపులు ఉంటాయట, అవి మన రైల్వే స్టేషన్లలో ఎందుకు లేవు? ఒకచోట అడ్డుకుంటే ఆ మనిషి మరోచోటికి వెళ్లడా అని మా పెట్టెలోనే ఒకరు అడిగారు, దానికి జవాబు ఏమిటి? మాలాంటి రోజువారీ ప్రయాణికులు చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: విశ్రాంత లోకో పైలట్, కాజీపేట

తమ్ముడూ, మొదటి రెండు ప్రశ్నలకు నేను చెప్పగలను. అలాంటి ఘటన జరిగితే లోకో పైలట్ బండి ఆపి, వాకీటాకీలో వెనక ఉన్న గార్డుకు, దగ్గరి స్టేషన్ మాస్టరుకు కిలోమీటరు నంబరుతో సహా తెలియజేయాలి. గార్డును 2022 నుంచి ట్రైన్ మేనేజర్ అంటున్నారు. స్టేషన్ నుంచి బండ్ల రాకపోకలు చూసే కంట్రోల్‌కు, జీఆర్‌పీ అనే రైల్వే పోలీసులకు సమాచారం పోతుంది. అక్కడ ఇంకా ప్రాణం ఉందేమో చూడాలి, ఉంటే ఆసుపత్రికి చేర్చాలి, లేకపోతే పోలీసుల పని పూర్తి కావాలి, లైను సురక్షితంగా ఉందని తేలాలి. సికింద్రాబాద్–కాజీపేట మధ్య లైన్లు రెండే గనుక, ఒక బండి నిలిస్తే వెనక వచ్చేవన్నీ ఒక్కో స్టేషన్‌లో ఒక్కొక్కటిగా నిలుస్తాయి. హైదరాబాద్, ఢిల్లీ, విజయవాడ దారులు మూడూ కాజీపేటలోనే కలుస్తాయి కాబట్టి, భువనగిరి దగ్గర మొదలైన ఆలస్యం రామగుండం వైపు నుంచి వచ్చే బొగ్గు గూడ్సు బండిని కూడా పట్టుకుంటుంది. ఈలోగా సిబ్బంది డ్యూటీ గంటలు దాటితే మరో జట్టును వెతకాలి. మీకు కనిపించిన ఆలస్యం వెనక ఇంత తతంగం ఉంటుంది.

మీకు కనిపించనిది ఇంజన్‌లో ఉంటుంది. హారన్, బ్రేకు తప్ప మా చేతిలో మరేమీ ఉండవు, ఆ రెండూ వాడేశాక చేయడానికి ఏమీ మిగలదు. నాతో అసిస్టెంటుగా పనిచేసిన ఒక కుర్రవాడు అలాంటి ఘటన తర్వాత కొన్ని నెలల పాటు, ఆ కిలోమీటరు రాయి దగ్గరికి రాగానే చెబుతున్న మాటను మధ్యలో ఆపేసి, రాయి దాటాక మళ్లీ అందుకునేవాడు. మధ్యలో ఆగినట్టు వాడికే తెలియదు. మా తరంలో దాన్ని ఎవరూ జబ్బుగా లెక్కించలేదు. రన్నింగ్ రూములో, అంటే సిబ్బంది విశ్రాంతి గదిలో, పడుకుని లేచి మళ్లీ బండి ఎక్కేవాళ్ళం. ఇది లోకో పైలట్లకే పరిమితం అనుకోవద్దు. అందరికన్నా ముందు అక్కడికి నడిచి వెళ్లేది ట్రాక్‌మెన్లు, గేట్‌మెన్లు.

ఇక తలుపుల విషయం. మెట్రోలో ఒకే రకం బండి, ఒకే పొడవు, ప్రతిసారీ అదే చోట ఆగుతుంది, కాబట్టి అక్కడ అది కుదురుతుంది. వరంగల్ ప్లాట్‌ఫారం మీదికి పుష్‌పుల్ వస్తుంది, ఇరవై పైచిలుకు పెట్టెల ఎక్స్‌ప్రెస్ వస్తుంది, వందే భారత్ వస్తుంది, వేటి తలుపులు వాటివే. పైగా స్టేషన్ దాటితే ఊళ్ల మధ్య, పొలాల మధ్య పోయే బహిరంగ లైను. అందుకే ఇక్కడ కంచెలు, వంతెనల కన్నా మనుషుల మీదే ఎక్కువ ఖర్చు పెట్టాలని నా అభిప్రాయం.

జవాబు: కౌన్సెలర్, హన్మకొండ

పెద్దలు చివర చెప్పిన మాటనే నేను అందుకుంటాను, ఎందుకంటే మీ మూడో ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. ఒకచోట ఆపితే మరోచోటికి వెళతారన్న నమ్మకం చాలా బలంగా ఉంది, కానీ ఆధారాలు అటువైపు లేవు. అమెరికాలో ఒక వంతెన మీద 1937 నుంచి 1971 వరకు చివరి క్షణంలో ఆపివేయబడిన 515 మంది ఆ తర్వాత ఏమయ్యారో వెతికి చూసిన పరిశీలన 1978లో వెలువడింది. వారిలో దాదాపు 94 శాతం మంది అప్పటికి బతికే ఉన్నారు, లేదా సహజ కారణాలతో మరణించారు. దక్షిణ కొరియాలోని సియోల్ మెట్రోలో ప్లాట్‌ఫారం తలుపులు పెట్టాక ఆత్మహత్యలు 89 శాతం తగ్గాయని 2016లో ప్రచురితమైన అధ్యయనం చెప్పింది. ఆ తీవ్రమైన ఘడియ చాలామందిలో ఎక్కువసేపు నిలవదు. బాధ మిగిలే ఉండవచ్చు, దానికి సాయం కావాలి, కానీ ఆ ఘడియను దాటించడమే ప్రాణం నిలపడం. తలుపు చేసే ఆ పనిని మన స్టేషన్లలో ఒక మాట చేయగలదు.

బ్రిటన్‌లో రైల్వే సంస్థలు సమారిటన్స్ అనే స్వచ్ఛంద సంస్థతో 2010 నుంచి కలిసి పనిచేస్తూ సిబ్బందికి ఇందులో శిక్షణ ఇస్తున్నాయి. 2017లో ప్రయాణికులను కూడా చేర్చుకుని, మామూలు పలకరింపు కూడా ప్రాణం కాపాడవచ్చునని ప్రచారం మొదలుపెట్టాయి. అది మనకు కష్టమైన విద్యేమీ కాదు. బండ్లు వస్తూ పోతూ ఉన్నా ఎక్కకుండా ఒంటరిగా, కలతగా కనిపించే మనిషి దగ్గరికి వెళ్లి "ఏ ఊరికి పోవాలె మీరు? నీళ్లు తాగుతారా?" అని అడగడం మన ప్రాంతంలో ఎవరికీ వింతగా అనిపించదు. జవాబు రాకపోయినా పక్కన కూర్చోవచ్చు. "మీరు బాగా ఇబ్బందిలో ఉన్నట్టున్నారు, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడిగినా తప్పు లేదు, అలా అడగడం వల్ల కొత్తగా ఆ ఆలోచన పుట్టదు. నీతులు చెప్పకుండా, తల్లిదండ్రుల పరువు గుర్తు చేయకుండా, వినండి. అవతలి వ్యక్తిని ఒంటరిగా వదలకుండా రైల్వే రక్షణ దళం (ఆర్‌పీఎఫ్) వారినో స్టేషన్ సిబ్బందినో పిలవండి, రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేయండి. మీరు పట్టాల మీదికి మాత్రం దిగకండి.

ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఇది 2022 అక్టోబరు 10న మొదలైంది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. లోకో పైలట్లూ, ఘటనను చూసినవారూ కూడా దీనికి ఫోన్ చేయవచ్చు. ఈ చర్చ చదువుతూ తమకే అలాంటి ఆలోచనలు వస్తున్నవారు దయచేసి ఇప్పుడే చేయండి.

కేసు అవుతుందన్న భయంతో కుటుంబాలు ఆసుపత్రికి రాకుండా దాచిపెట్టడం నేను తరచూ చూస్తుంటాను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ప్రయత్నం చేసి బయటపడిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, వారికి సంరక్షణ, చికిత్స అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి)లోని 309వ సెక్షన్‌ను 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో కొనసాగించలేదు.

జవాబు: దినపత్రిక డెస్కులో పనిచేసేవాడిని, వరంగల్

మా వృత్తి వాటా కూడా చెప్పాలి. వియన్నా మెట్రో 1978లో మొదలైంది. 1984 తర్వాత అక్కడి ఆత్మహత్యలు పెరిగాయి, పత్రికలు వాటిని పెద్ద అక్షరాలతో, వివరాలతో రాశాయి. 1987 మధ్యలో నిపుణులు మార్గదర్శకాలు ఇచ్చి, పత్రికలు వాటిని పాటించాక, ఆరు నెలల్లోనే ఆ సంఖ్య 80 శాతానికి పైగా పడిపోయింది. అది జరిగింది అక్కడ తలుపులు పెట్టడం వల్ల కాదు, వార్త రాసే తీరు మారడం వల్ల. మన ప్రెస్ కౌన్సిల్ కూడా 2019లో ఇలాంటి మార్గదర్శకాలనే స్వీకరించింది: వార్తను ప్రముఖంగా వేయవద్దు, పద్ధతిని, స్థలాన్ని వర్ణించవద్దు, ఫొటోలు, వీడియో లింకులు వాడవద్దు.

జిల్లా పేజీలో మాత్రం ఇప్పటికీ ఊరు పేరు, స్టేషన్ పేరు, ప్రేమో అప్పో ఇంటర్ ఫలితమో అంటూ ఒకే ఒక్క కారణం, పాస్‌పోర్టు ఫొటోతో సహా రాత్రి డెస్కుకు వస్తూనే ఉంటాయి. ఒక్క కారణంతో ఎవరూ ఆ స్థితికి రారు. కానీ సింగిల్ కాలమ్ వార్తలో ఒక్క కారణమే పడుతుంది, అది చదివే మరో ఫెయిలైన పిల్లవాడికి అదొక దారిలా కనిపిస్తుంది. స్థలం తగ్గించి 14416 వేద్దామంటే ప్రకటన అడ్డం వచ్చిందని తీసేసిన రోజులూ ఉన్నాయి. ఇప్పుడు అంతకన్నా పెద్ద బెడద ఫోనులోని వీడియో, దానికి డెస్కు లేదు. ఆ తల్లి చేసిన పనే సరైనది: చూడకండి, పంపకండి, గ్రూపు అడ్మిన్‌తో తీయించండి.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అందరికీ కృతజ్ఞతలు. మా సీజన్ టికెట్టు వాళ్లం కొందరం కలిసి, 14416 ఉన్న బోర్డులు పెట్టమని అర్జీ రాయాలనుకుంటున్నాం. ఎవరికి ఇవ్వాలి?

జవాబు: విశ్రాంత లోకో పైలట్, కాజీపేట

స్టేషన్ మేనేజరుకు ఇచ్చి, సికింద్రాబాద్‌లోని డివిజినల్ రైల్వే మేనేజర్ కార్యాలయానికి ఒక ప్రతి పంపండి, రెండింటికీ రసీదు తీసుకోండి. బోర్డులు టికెట్ కౌంటరు దగ్గర మాత్రమే కాకుండా బెంచీల దగ్గర, జనం తక్కువగా ఉండే ప్లాట్‌ఫారం చివర్లలో కూడా పెట్టమని, తెలుగుతో పాటు హిందీ, ఉర్దూల్లో రాయించమని అడగండి. ఛాయ్ అమ్మేవాళ్లకు, పోర్టర్లకు, పారిశుద్ధ్య కార్మికులకు కూడా కౌన్సెలర్ గారి చేత ఒక పూట శిక్షణ ఇప్పించమని అదే అర్జీలో చేర్చండి. రోజంతా ప్లాట్‌ఫారం మీద ఉండేది వాళ్లే, ఎవరు బండి కోసం వచ్చారో, ఎవరు ఊరికే కూర్చున్నారో మనకన్నా ముందు వాళ్లకే తెలుస్తుంది. మేడం గారు ఒప్పుకుంటే కాజీపేటలో మా విశ్రాంత ఉద్యోగులను పోగు చేసే పని నేను చూసుకుంటాను.