పన్నెండేళ్ల ఫుట్‌బాల్ పిల్లలకు దూకే శిక్షణ: చెక్కపెట్టెలు చేయించాలా?

ప్రశ్న: పీఈటీ, అనంతపురం జిల్లా

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. ఆరు నుంచి తొమ్మిదో తరగతి వరకు చదివే ఆడపిల్లలకు సాయంత్రం పూట ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. మా పిల్లలకు పరుగులో లోటు లేదు గాని, గాలిలో వచ్చే బంతి కోసం ఎగిరినప్పుడు ఎదుటి జట్టు పిల్ల భుజం కాస్త తగిలితే చాలు, పడిపోతున్నారు. వేగంగా పరుగెడుతూ ఒక్కసారిగా పక్కకు తిరగవలసి వచ్చినా కాళ్ళు తడబడుతున్నాయి. ఫోన్‌లో వచ్చే వీడియోల్లో ఇదే వయసు పిల్లలు నడుమెత్తు పెట్టెల మీదికి ఎగరడం చూసి, మా ప్రధానోపాధ్యాయులు వడ్రంగి చేత అలాంటి పెట్టెలు చేయిద్దామంటున్నారు.

ఆ ఖర్చుకు ఒప్పుకొనే ముందు తెలిసినవారి సలహా కావాలి. ఎముకలు ఇంకా ఎదుగుతున్న వయసులో దూకే శిక్షణ ఇవ్వవచ్చునా? ఇవ్వవచ్చునంటే వారానికి ఎంత? ఒంటికాలి మీద నిలకడ ముందు నేర్పాలా, దూకడమా? మా మైదానం ఎర్రనేల, ఎండాకాలం వచ్చేసరికి బాగా గట్టిపడిపోతుంది. సగం మంది పిల్లలు కాన్వాసు బూట్లతోనో ఒట్టి కాళ్ళతోనో ఆడుతున్నారన్నది కూడా దృష్టిలో పెట్టుకొని చెప్పగలరు.

జవాబు 1: ఫిజియోథెరపిస్టు, హైదరాబాదు

టీచర్ గారికి నమస్కారం. పెట్టెలు చేయించవద్దు. ఎందుకో చెబుతాను.

నడుమెత్తు పెట్టె మీదికి చేరిన పిల్ల నిజంగా అంత ఎత్తు ఎగిరిందని అర్థం కాదు. నేల విడిచిన తరువాత మోకాళ్ళను ఛాతీ దాకా ముడుచుకోగలిగిందని మాత్రమే అర్థం. పాదం అంచుకు తగిలి జారితే ముంగాలు చీరుకుపోతుంది, పైగా పెట్టె మీది నుంచి కిందికి దూకేటప్పుడు నేల ఇచ్చే తాకిడిని ఎలా తట్టుకోవాలో ఆ వీడియోల్లో ఎవరూ నేర్పరు. ఫిఫా సంస్థ 14 ఏళ్ళు, ఆపై వయసు ఆటగాళ్ళ కోసం తయారు చేయించిన ‘11 ప్లస్’ అనే ఇరవై నిమిషాల వార్మప్‌లో కూడా ‘బాక్స్ జంప్’ పేరుతో ఒక వ్యాయామం ఉంది గాని, దానిలో పెట్టె లేదు. నేల మీద కూడిక గుర్తు ఒకటి ఉన్నట్టు ఊహించుకొని, దాని మధ్య నిలబడి ముందుకు, వెనక్కు, పక్కలకు, మూలలకు రెండు కాళ్ళతో ఎగరడమే ఆ వ్యాయామం. మీకు కావలసింది సున్నపు పొడి మాత్రమే.

ఎదుగుదలకు హాని అన్న భయం విషయానికి వస్తే, మన పిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతూ, తాడాట ఆడుతూ చిన్నప్పటి నుంచీ గెంతుతూనే ఉన్నారు, దాని వల్ల ఎవరి పొడుగూ ఆగలేదు. హాని గెంతడంలో లేదు, దిగే తీరులోనూ మోతాదులోనూ ఉంది. పిల్ల నేలకు దిగుతున్నప్పుడు మీరు ఎదురుగా నిలబడి మోకాళ్ళను చూడండి. తుంటి, మోకాలు, పాదం ఒకే వరుసలో ఉండాలి. మోకాళ్ళు లోపలికి వాలి ఒకదాని వైపు ఒకటి వస్తున్నాయంటే, మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ అనే లిగమెంట్ (గట్టి కట్టు) మీద భారం పడుతున్నట్టే. యుక్తవయసుకు వచ్చిన ఆడపిల్లల్లో ఆ లిగమెంట్ తెగే ప్రమాదం మగపిల్లల కంటే ఎక్కువ గనుక మీ జట్టులో దీనిని మరింత శ్రద్ధగా గమనించాలి. కాలివేళ్ళకు వెనుక ఉండే అరికాలి ముందు భాగం మొదట నేలను తాకాలి, వెంటనే మోకాళ్ళు, తుంటి వంగాలి, చప్పుడు వినిపించకూడదు. ఈ చప్పుడు పరీక్ష పిల్లలకు ఇట్టే అర్థమవుతుంది, ఒకరినొకరు వాళ్ళే సరిదిద్దుకుంటారు.

ఏది ముందు అన్న మీ ప్రశ్నకు సరిగ్గా సరిపోయే పరిశోధన ఒకటి 2016లో వచ్చింది. పన్నెండు, పదమూడేళ్ల ఫుట్‌బాల్ ఆటగాళ్ళను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు మొదటి నాలుగు వారాలు నిలకడ, తరువాతి నాలుగు వారాలు గెంతే వ్యాయామాలు ఇచ్చారు. రెండో జట్టుకు అదే శిక్షణను తారుమారు చేసి ఇచ్చారు. రెండు జట్లూ మెరుగుపడ్డాయి గాని, ఒంటికాలితో వరుసగా మూడు గెంతులు వేసే పరీక్షలోనూ, నేలను తాకిన వెంటనే తిరిగి లేచే శక్తిలోనూ నిలకడను ముందు నేర్చుకున్నవారే ఎక్కువ లాభపడ్డారు. నలుగురైదుగురు నిపుణులు ఒకచోట చేరితే వరుసక్రమం గురించి వాదన రాకమానదు గాని, మీ పరిస్థితిలో నేను ఇదే వరుసను ఎంచుకుంటాను.

మోతాదు: వారానికి రెండు రోజులు, వాటి మధ్య కనీసం రెండు రోజుల విరామం. ఒక పూటకు పాదం నేలను తాకే లెక్కలో యాభై, అరవై గెంతులతో మొదలుపెట్టి, దిగే తీరు చెడకుండా ఉంటేనే ఎనభై వరకు పోనివ్వండి. గట్టి నేల గురించి మీ ఆందోళన న్యాయమైనదే. పాఠశాలలో లాంగ్‌జంప్ ఇసుక గుంట ఉంటే మొదటి నెల అక్కడే దిగడం నేర్పండి. అయితే ఇసుకలో పాదం కూరుకుపోవడం వల్ల వెంటనే తిరిగి లేచే చురుకు అలవడదు కాబట్టి, తరువాత తక్కువ సంఖ్యలో మైదానం మీదికి మార్చండి.

జవాబు 2: విశ్రాంత కోచ్, సికింద్రాబాద్

పైన చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, గెంతులు లెక్కపెడుతూ కూర్చుంటే పిల్లలకు విసుగు పుడుతుంది, ఫుట్‌బాల్ మైదానంలో ఎవరూ కూడిక గుర్తు మీద ఎగరరు. నిలకడను బంతితో నేర్పండి. కుడికాలితో తన్నే పిల్ల ఆ క్షణంలో నిలబడేది ఎడమకాలి మీద. అందుకే చాలామందికి ఎడమకాలి నిలకడ బాగుంటుంది, కుడికాలి మీద నిలబడి ఎడమకాలితో తన్నమంటే ఒరిగిపోతారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియాడ్‌లో స్వర్ణానికి చేర్చిన మన హైదరాబాదు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు, అలవాటు లేని కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టేవారని మా పెద్దలు చెప్పేవారు. రహీమ్ గారు కూడా మీలాగే ఉపాధ్యాయులు. వారానికి ఒక పూట పది నిమిషాలు అలాంటి ఆట ఆడించి చూడండి.

ఇంకొక మాట. ఈ వ్యాయామాలను సాధన చివర పెట్టకండి. అలిసిన కాళ్ళతో దిగితే మోకాళ్ళు సులువుగా లోపలికి వాలతాయి, తప్పుడు పద్ధతే అలవాటవుతుంది.

జవాబు 3: ఒక తండ్రి, న్యూజెర్సీ

మా అమ్మాయి ఇక్కడ క్లబ్బులో ఆడుతుంది. ఫిఫా వార్మప్ గురించి తల్లిదండ్రులందరికీ కాగితాలు ఇస్తారు గాని, మైదానం గంట సేపే దొరుకుతుంది కాబట్టి ఆలస్యమైన రోజున కోచ్ ముందుగా కోసేసేది ఆ ఇరవై నిమిషాలనే. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల బాలికల జట్ల మీద జరిపి 2008లో ప్రచురించిన పరిశోధనలో ఈ వార్మప్ వల్ల తీవ్రమైన గాయాలు దాదాపు సగానికి తగ్గాయి. అది చదివిన తరువాత మేము కొందరం తల్లిదండ్రులం పిల్లలను ముందుగానే తీసుకువెళ్ళి మైదానం పక్కనున్న గడ్డిలో చేయిస్తున్నాము. టీచర్ గారి పిల్లలు రోజూ కళ్ళ ముందే ఉంటారు కాబట్టి ఆ అవకాశాన్ని వదులుకోవద్దని నా మనవి.

ప్రశ్న అడిగినవారు: పీఈటీ, అనంతపురం జిల్లా

అందరికీ కృతజ్ఞతలు. పెట్టెల ఆలోచన మానుకుంటున్నామని ప్రధానోపాధ్యాయులకు చెప్పాను, ఆయన ఆ డబ్బుతో బూట్లు కొనిపిస్తానన్నారు. రెండు సందేహాలు మిగిలాయి. మా జట్టులో పన్నెండేళ్లు నిండనివారే ఎక్కువ, వారికి 14 ఏళ్ళు దాటినవారి వార్మప్ సరిపోతుందా? రెండోది, ఈ మధ్య బాగా పొడుగు పెరిగిన ఒక పాపకు మోకాలి చిప్ప కింద ఎముక కాస్త ఉబ్బి, గెంతినప్పుడు నొప్పి పెడుతోంది. ఇంట్లో వాళ్ళు ఆట మానిపిస్తామంటున్నారు.

జవాబు 4: ఫిజియోథెరపిస్టు, హైదరాబాదు

టీచర్ గారూ, బూట్ల విషయం విని సంతోషం కలిగింది. 7 నుంచి 13 ఏళ్ల వారి కోసం ‘11 ప్లస్ కిడ్స్’ అని వేరుగా ఉంది. దానిలో ఏడే వ్యాయామాలు, ఒక్కొక్కదానికి ఐదు మెట్లు. పరుగెడుతున్న పిల్లలు మీ సైగ చూసి ఒంటికాలి మీద ఆగిపోవడం, పక్కకు ఒక కాలి నుంచి మరో కాలి మీదికి గెంతి నిలబడటం, ఒంటికాలి మీద నిలబడి జతగత్తెతో బంతి విసురుకోవడం, ఒంటికాలితో ముందుకు గెంతడం వంటివి అందులో ఉన్నాయి. పడిపోతున్నారని మీరు మొదట అన్నారు కదా, పడేటప్పుడు చేయి నేలకు ఆనించి మణికట్టు విరగ్గొట్టుకోకుండా దొర్లడం నేర్పే వ్యాయామం కూడా ఆ ఏడింటిలో ఒకటి. నాలుగు ఐరోపా దేశాల్లో సుమారు 3,900 మంది పిల్లలతో జరిపి 2018లో ప్రచురించిన పరిశోధనలో ఈ కార్యక్రమం చేసిన జట్లలో గాయాలు 48 శాతం తక్కువగా నమోదయ్యాయి. కోచ్ గారు చెప్పిన విసుగు సమస్య కూడా దీనిలో తక్కువ, ఎందుకంటే సగానికి పైగా ఆటలాగే ఉంటుంది.

ఇక ఆ పాప విషయం. వేగంగా పొడుగు పెరిగే కాలంలో తొడ ముందు కండరం, మోకాలి చిప్ప కింద అది అతుక్కునే ఎముక భాగాన్ని పదేపదే లాగడం వల్ల ఇలాంటి ఉబ్బు, నొప్పి వస్తాయి. ఆస్‌గుడ్ ష్లాటర్ అని దీనికి పేరు. సాధారణంగా ఎదుగుదల పూర్తయ్యేసరికి నొప్పి తగ్గిపోతుంది. ఉబ్బు మాత్రం కొందరికి మిగిలిపోతుంది గాని హాని చేయదు. ఆట పూర్తిగా మానిపించవలసిన అవసరం చాలామందికి రాదు. గెంతులు, గుంజిళ్ళు, మోకాళ్ళ మీద కూర్చోవడం కొన్ని వారాలు ఆపించి, బంతి పాస్‌లు, నొప్పి లేనంత మేరకు ఒంటికాలి నిలకడ, తొడ కండరాలను మెల్లగా సాగదీయడం కొనసాగించండి. మరునాటి ఉదయానికి నొప్పి ముందు రోజు కంటే పెరిగితే భారం ఎక్కువైందని అర్థం. అయితే నేను ఆ పాపను చూడకుండా చెబుతున్నాను కాబట్టి ఒకసారి ఎముకల వైద్యునికి చూపించమని ఇంట్లో వాళ్ళకు చెప్పండి. రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి, కుంటుతూ నడవడం, జ్వరం, మోకాలంతా వాపు వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకూడదు. తిరిగి గెంతులు మొదలుపెట్టే రోజున ముందు ఇసుక గుంటలో, రెండు కాళ్ళతో, పదికి మించకుండా చేయించండి.