మొదటి బండి: పాత వంద సీసీయా, కొత్త 350యా?

నల్లపాడు కుర్రాడు:
అందరికీ నమస్కారం. వయసు 23, ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలు. సైకిలు తప్ప ఇంతవరకు ఏదీ సొంతంగా నడపలేదు. పోయిన వారమే ఎల్‌ఎల్‌ఆర్, అదే లెర్నర్ లైసెన్సు, తీసుకున్నాను. ఇల్లు గుంటూరులో, ఉద్యోగం విజయవాడలో. రోజూ రైలు, దిగాక షేర్ ఆటో, ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది. చేతిలో లక్షా ఇరవై వేలున్నాయి, మిగతాది ఈఎంఐ పెట్టుకోగలను. మనసు రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 మీద ఉంది. ఇంట్లోవాళ్లు ముందు పాత స్ప్లెండర్ ఏదైనా కొని దాని మీద నేర్చుకోమంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్ బాబాయ్:
ఇంట్లోవాళ్ల మాట. అబ్బాయ్, ముప్పై ఏళ్లుగా బండ్ల మధ్యే బతుకుతున్నా, చెప్తున్నా విను. కొత్తగా నేర్చుకునేవాడు బండి పడేస్తాడు. పడెయ్యనని ఒట్టేసినా పడేస్తాడు. అదీ స్పీడులో కాదు. గేటు ముందు తిప్పుకుంటూ, సిగ్నల్ దగ్గర కాలు ఆనించబోయి గుంటలో పెట్టి. స్ప్లెండర్ 112 కిలోలు, హంటర్ 181. పైన ఇంకో మనిషి బరువు ఉన్నట్టే. పాత బండి పడితే ఇండికేటర్ విరుగుతుంది, నవ్వుకుని ఇంటికి పోతావు. కొత్త బండి ట్యాంకు సొట్టపడితే నెల రోజులు అన్నం సహించదు. ఒక్క ఏడాది పాతది నడుపు. ఆ తర్వాత అమ్మితే కొన్న డబ్బులో ముప్పాతిక వంతు వెనక్కొస్తుంది.

బ్రాడీపేట 4/7:
బాబాయ్ గారూ, ఆ కుర్రాడు బండి కొనేది మోసుకెళ్లడానికా, నడపడానికా? కదిలాక బరువు తెలియదు. సీటు ఎత్తు చూడండి. స్ప్లెండర్ 785 మిల్లీమీటర్లు, హంటర్ 790. అర సెంటీమీటరుకి ఇంత గొడవా? పైగా రోజూ పోనూ రానూ డెబ్బై కిలోమీటర్లు, అదీ హైవే. కాజ టోల్‌గేటు దాటాక పక్కనుంచి బస్సు పోతే వంద సీసీ బండి గాలికి ఊగుతుంది. అప్పుడు ఆ బరువే కాపాడుతుంది. తమ్ముడూ, నచ్చింది కొనుక్కో.

మిర్చియార్డు:
హంటర్ మైలేజీ ఎంత?

ఆటోనగర్ బాబాయ్:
ఎల్‌ఎల్‌ఆర్ వాడిని హైవే ఎక్కమంటున్నావా బాబూ? వాడు ముందు ఊళ్లో తిరగడం నేర్చుకోవాలి. విజయవాడ బీసెంట్ రోడ్డు బజారు దగ్గర పార్కింగ్‌లో నీ బండికి అటొకటి ఇటొకటి ఆనించి పెడతారు. 181 కిలోల్ని వెనక్కి లాగాలి. లాగేటప్పుడు పక్కబండికి తగిలితే ఆ ఓనరు వస్తాడు. ఇవన్నీ షోరూమ్‌లో చెప్పరు.

బ్రాడీపేట 4/7:
బీసెంట్ రోడ్డుకి బండేసుకుని వెళ్లేవాడికి ఏ బండైనా ఒకటేనండీ.

కృష్ణలంక:
యాక్టివా కొనుక్కో. క్లచ్ లేదు, గేర్లు లేవు, కూరగాయల సంచికి చోటుంది.

తాడేపల్లి వాసి:
నేను గేరు బండి నేర్చుకున్నది ముప్పై ఒకటో ఏట, మా ఆయన బండి మీద. రెండుసార్లు పడేశాను, రెండుసార్లూ ఆయనే ఎత్తారు. కాబట్టి బాబాయ్ గారు చెప్పింది అబద్ధం కాదు. కానీ సీటు ఎత్తు ఒక్కటే చూస్తే సరిపోదు, సీటు వెడల్పుగా ఉంటే పొట్టివాళ్లకు మడమ ఆనదు. షోరూమ్‌లో కూర్చుని చూసుకో. అసలు ఇద్దరూ బరువు దగ్గరే ఆగిపోయారు, బ్రేకుల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది), అంతకంటే చిన్నవాటికి కనీసం సీబీఎస్ (ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకూ పడేది) ఉండాలని రూలు వచ్చింది. బాబాయ్ గారు చెప్పే పాత బండి 2016దో 17దో అయితే చాలావాటిలో రెండూ ఉండవు. భయపడి ముందు బ్రేకు గట్టిగా నొక్కేది కొత్తవాళ్లే కదా?

ఆటోనగర్ బాబాయ్:
అమ్మా, మేం రెండు వైపులా డ్రమ్ బ్రేకులతో హైదరాబాద్ పోయొచ్చాం.

తాడేపల్లి వాసి:
పోయొచ్చినవాళ్లే చెప్తారండీ ఆ మాట.

ఆటోనగర్ బాబాయ్:
సరే, లెక్కలు చెప్పుకుందాం. బ్రిటన్‌లో 24 ఏళ్ల లోపు కొత్తవాడికి నేరుగా పెద్ద బండి ఇవ్వరు. మెట్లున్నాయి. మొదట 125 సీసీ, 19 ఏళ్లు నిండాక ఇంకో లైసెన్సు, ఆ తర్వాతే పెద్దవి. మన దగ్గర వంద సీసీ మీద 8 వేసి చూపిస్తే మర్నాడు ఏ బండైనా ఎక్కొచ్చు. ప్రభుత్వం పెట్టని మెట్టు ఇంట్లో మనమే పెట్టుకోవాలి అంటున్నా. ఇందులో తప్పేముంది?

బ్రాడీపేట 4/7:
తప్పేం లేదు, లెక్క పూర్తిగా చెప్పండి. ఆ 19 ఏళ్ల లైసెన్సుతో 35 కిలోవాట్ల దాకా నడపొచ్చు. అంటే దాదాపు 47 హెచ్‌పీ. హంటర్ ఇచ్చేది 20. బ్రిటన్‌లో అయినా మన తమ్ముడు పరీక్ష పాసై హంటర్ నడుపుకోవచ్చు. మీరు సీసీ చూసి భయపెడుతున్నారు. 350 అంటే పెద్ద అంకె, అంతే. బండి నిదానస్తురాలు. ఇన్సూరెన్స్ సంగతి కూడా ముందే చెప్పేస్తా, లేకపోతే తర్వాతి మెసేజ్ అదే అవుతుంది. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ, 2022లో పెట్టిన రేట్ల ప్రకారం, 75 దాటి 150 సీసీ దాకా 3,851, ఆ పైన 350 దాకా 7,365. ఐదేళ్ల మీద తేడా మూడున్నర వేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 దాకా జీఎస్టీ కూడా 28 నుంచి 18 శాతానికి దిగింది. ఇప్పుడు కొనకపోతే ఎప్పుడు కొంటాడు?

మిర్చియార్డు:
ఇన్ని లెక్కలు చెప్పారు. మైలేజీ ఎంత?

ఆటోనగర్ బాబాయ్:
బాబూ, నీ కిలోవాట్లు నాకొద్దు. 2019లో మావాడికి డిగ్రీ అవగానే కొత్త 200 సీసీ బండి కొనిచ్చా. వద్దు వద్దంటూనే కొనిచ్చా, వాళ్లమ్మ పోరు పడలేక. పదకొండో రోజు కానూరు దగ్గర డివైడర్ పక్కన ఇసుక మీద జారాడు. కాల్లో రాడ్డు వేశారు. ఐదు నెలలు మంచం మీదున్నాడు. నేను రాసేదంతా అందుకే.

బ్రాడీపేట 4/7:
మీవాడి విషయం వింటే బాధగానే ఉంది. కానీ మీ ఉదాహరణే మీ వాదానికి ఎదురు తిరుగుతోంది. 200 సీసీల్లో 25 హెచ్‌పీ ఇచ్చేవి ఉన్నాయి, ఈ 350 కంటే ఎక్కువ, బరువు చూస్తే తక్కువ. అయినా పదకొండో రోజున ఇసుక మీద ముందు బ్రేకు పడితే స్ప్లెండర్ అయినా జారుతుంది. జారింది నేర్పనందువల్ల, బండి వల్ల కాదు.

ఆటోనగర్ బాబాయ్:
నేర్పలేదా? నా కొడుక్కి నేను నేర్పలేదని నువ్వు చెప్తావా? ఎవడివయ్యా నువ్వు? హాస్పిటల్ వరండాలో పడుకున్నది నువ్వా నేనా?

బ్రాడీపేట 4/7:
నేను ఆ అర్థంలో అనలేదు. అయినా మీరు పెద్దవారని ఊరుకుంటున్నా. ఎవరు అడిగినా మీది ఒకటే పాట, ‘పాతది కొను, ఏడాది ఆగు’. కుర్రాడి ఇష్టమంటే మీకు లెక్కలేదు.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇంట్లోవాళ్ల మీదికి వెళ్లొద్దు.

బ్రాడీపేట 4/7:
తగ్గుతున్నా. ఒక్కటి చెప్పి ఊరుకుంటా. 2006లో మా నాన్న తన పాత బండి ఇచ్చాడు. ‘ముందు దీని మీద చెయ్యి తిప్పుకో, ఉద్యోగం వచ్చాక కొత్తది చూద్దాం’ అన్నాడు. ఉద్యోగం వచ్చింది. చెల్లి పెళ్లి వచ్చింది. ఇంటి లోను వచ్చింది. ఆ తర్వాత పాప ఫీజులు. కొత్త బండి తాళం చేతికొచ్చేసరికి నాకు 36. మోకాళ్ల నొప్పులతో పాటు వచ్చింది. బాబాయ్ గారు ‘ఏడాది తర్వాత’ అని తేలిగ్గా అనేస్తున్నారు. ఆ ఏడాది అయ్యాక రెండో బండి కొనిపెట్టే ఇల్లు ఎన్నింట్లో ఒకటి? నా గోల బరువు గురించి కాదండీ, ఆ రెండో బండి గురించి.

ఆటోనగర్ బాబాయ్:
ఆ మాట పొద్దున్నే చెప్పి ఉంటే ఇన్ని కిలోల లెక్కలు ఉండేవి కావు కదయ్యా. కానీ నాది కూడా విను. మావాడి బండి ముక్కలయ్యాక కూడా 19 నెలలు దాని ఈఎంఐ కట్టా. నెలనెలా ఐదో తారీఖున డబ్బు కట్ అయినట్టు మెసేజ్ వచ్చేది. రెండో బండి రాకపోతే మనిషి బాధపడతాడు, నిజమే. దాన్ని దీంతో పోల్చకు.

బ్రాడీపేట 4/7:
పోల్చడం లేదు. రెండూ ఉన్నాయంటున్నా.

తాడేపల్లి వాసి:
నల్లపాడు కుర్రాడూ, నువ్వే చెప్పు. ఇప్పుడు పాతది కొంటే, ఏడాదికి కొత్తది కొనే వీలుందా?

నల్లపాడు కుర్రాడు:
లేదండీ. నాన్న వచ్చే ఏడాది రిటైరవుతారు. ఇప్పుడు ఏది కొంటే అదే ఎనిమిదేళ్లో పదేళ్లో. మొదటే రాయాల్సింది, తట్టలేదు.

కృష్ణలంక:
అయితే ఎల్‌ఎల్‌ఆర్ మీద బుక్ చేసి, లైసెన్స్ వచ్చేలోపు ఎవరిదైనా అరువు బండి మీద నేర్చుకో. నెల రోజులు ఆగాక గానీ టెస్టుకి పిలవరు ఎలాగూ.

ఆటోనగర్ బాబాయ్:
ఇది కొంచెం బుద్ధిగా ఉంది. కానీ అరువు బండి పడేస్తే స్నేహం పోతుంది, అదీ రాసుకో.

తాడేపల్లి వాసి:
హెల్మెట్‌కి ఐఎస్ఐ ముద్ర ఉన్నది తీసుకో. బండి బడ్జెట్‌లోనే ఆ డబ్బు కూడా వేసుకో. చివర్లో మిగిలిన మూడొందలతో కొనకు.

నల్లపాడు కుర్రాడు:
మా పెదనాన్న కొడుకు దగ్గర పాత వంద సీసీ బండి ఉంది, పెరట్లో పడి ఉంది. టెస్టు అయ్యేదాకా వాడుకోమన్నాడు. రోజూ పొద్దున్నే ఆరింటికి నల్లపాడు రోడ్డులో తిప్పుతా. హైవే మాత్రం లైసెన్స్ వచ్చాకే. ఆ తర్వాత ఏం కొన్నానో ఇక్కడ రాయను, మళ్లీ మొదలవుతుంది.

ఆటోనగర్ బాబాయ్:
పెరట్లో ఎన్నాళ్ల నుంచి పడి ఉంది? టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ అంకెలు రాయి ముందు. అవి చూడకుండా ఎక్కకు.