పాత ఇంట్లో ఎలక్ట్రిక్ షవర్: ఉన్న వైరింగ్ సరిపోతుందా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో మాది పాతికేళ్ల నాటి ఇల్లు. అమ్మ కోసం 7.5 కిలోవాట్ల ఎలక్ట్రిక్ షవర్ పెట్టిద్దామనుకుంటున్నాం. ఇప్పుడున్న 3 కిలోవాట్ల గీజర్ పాయింటుకే కలిపేస్తే చాలంటున్నాడు ఎలక్ట్రీషియన్, నాకేమో టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: అస్సలు కలపనివ్వకండి. 230 వోల్టుల దగ్గర మీ గీజర్ లాగేది 13 ఆంపియర్లు, ఈ షవర్ దాదాపు 33. పాత వైరు గోడలోపలే వేడెక్కి పైన తొడుగు కరిగిపోతుంది, బయటికేమో ఏమీ కనిపించదు. డీబీ (ఇంట్లో ఫ్యూజులు, మెయిన్ స్విచ్‌లు ఉండే పెట్టె) నుంచి నేరుగా విడిగా 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు లాగించి, 40 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఫేజు, న్యూట్రల్ రెండూ కట్ చేసే స్విచ్) పెట్టించండి. ప్లగ్గు, సాకెట్టు వద్దు.

జవాబు 2: అన్నా, ఎంసీబీ కాపాడేది వైరుని, మనిషిని కాదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) కూడా ఉండాల్సిందే. ఎర్తింగ్ మీటరుతో చెక్ చేయించండి, మా ఇంట్లో మూడో పిన్ను ఉంది కానీ దాని వెనక వైరే లేదు, చూసి వణికిపోయాం.

జవాబు 3: బెస్కాం కరెంటు బిల్లులో శాంక్షన్డ్ లోడ్ (మీ ఇంటికి మంజూరైన కరెంటు పరిమితి) ఎంతుంది?

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే చూశాను, 3 కిలోవాట్లే.

జవాబు 3: అయితే ముందు లోడ్ పెంచమని అప్లై చేయండి. అంతవరకు అమ్మగారికి ఆ గీజరే ఉండనివ్వండి.