హారిసన్ సైకిల్ ట్రిప్: మూడేళ్ళ పాపని తీసుకెళ్ళొచ్చా, వద్దా?

సాయంకాలం
అందరికీ నమస్తే. మేం సియాటిల్ పక్కన రెంటన్‌లో ఉంటాం. జులైలో ఆరు తెలుగు కుటుంబాలు కలిసి ఐడహో వెళ్ళి ట్రయిల్ ఆఫ్ ది కోర్ డలేన్స్ మీద సైకిళ్ళు తొక్కాలని అనుకుంటున్నాం. మొత్తం దారి 73 మైళ్ళట. మేం తొక్కేది ప్లమ్మర్ నుంచి హారిసన్ దాకా, 15 మైళ్ళే. ఒకపక్క సరస్సు, ఇంకోపక్క కొండ, నున్నటి తారు దారి. ఫొటోలు చూడగానే మావారు సరే అనేశారు. నాకు మాత్రం ఒక ఫొటోలో ఓ మూలన బోర్డు కనిపించింది. దారి దిగొద్దు, తినేముందు చేతులు కడుక్కోండి, నేలలో సీసం ఉంది అని. మా పాపకి మూడేళ్ళు. సైకిల్ వెనక ట్రైలర్‌లో కూర్చుంటుంది. వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి, పర్వాలేదా?

పెడల్ పంతులు
నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. నిక్షేపంలా వెళ్ళండి. ఆ బోర్డు చూసి బెదిరిపోయేవాళ్ళకి అసలు సంగతి తెలియదు. అది ఒకప్పటి యూనియన్ పసిఫిక్ రైలు మార్గం. పైనున్న గనుల నుంచి వెండి, సీసం, జింకు ఖనిజం దాని మీదే మోసేవారు. వ్యాగన్లలోంచి ఒలికింది కొంత, పట్టాల కింద పరిచిన గనుల వ్యర్థం కొంత, అలా నేలంతా పాడైంది. అంతా తవ్వి ఎత్తిపోసే బదులు పైన తారు పోసి మూసేశారు. అంటే ఆ తారు దారి సైకిళ్ళ కోసమే వేసింది కాదు, అది మూత. 2004లో తెరిచారు. పది అడుగుల వెడల్పు, ఎక్కడా గతుకు ఉండదు. తారు మీద ఉన్నంతసేపు మట్టితో మీకు పనే లేదు. చాట్‌కొలెట్ దగ్గర 1921 నాటి రైలు వంతెన వస్తుంది, మెట్లుమెట్లుగా పైకెక్కి మళ్ళీ దిగుతుంది. అక్కడ పాప కేరింతలు కొట్టకపోతే నన్నడగండి. వంతెన దాటాక హారిసన్ దాకా ఎడమచేతి పక్కన నీళ్ళే. ఊరు చేరాక ఐస్‌క్రీం.

బిర్యానీ బ్యాచ్
ఐస్‌క్రీం క్యూ అరగంట. అది మాత్రం నిజం.

కొల్లేటికొంగ
పంతులు గారూ, "తారు మీద ఉన్నంతసేపు" అన్నారు చూడండి, నా అనుమానమంతా ఆ ముక్క మీదే. మూడేళ్ళ పిల్ల 15 మైళ్ళు ట్రైలర్ దిగకుండా కూర్చుంటుందా? నేను కూడా ఇలాంటి గ్రూపుతో ఒకసారి ఒక ట్రయిల్‌కి వెళ్ళాను. మన వాళ్ళు ఏం చేశారో చెప్పనా? గడ్డి మీద దుప్పటి పరిచి పులిహోర డబ్బాలు తెరిచారు. పిల్లలు మట్టిలో చేతులు పెట్టి అదే చేత్తో పులిహోర తిన్నారు. ఈ ట్రయిల్ మీద కూడా జరిగేది అదే.

పెడల్ పంతులు
పులిహోర బల్ల మీద పెట్టుకుని తినండి. ప్రతి కొద్ది మైళ్ళకీ బల్లలున్నాయి, టాయిలెట్లున్నాయి. నీళ్ళ డబ్బా పట్టుకెళ్ళి చేతులు కడుక్కోండి. ఇందులో అంత రాకెట్ సైన్స్ ఏముందండీ?

కొల్లేటికొంగ
కడుక్కోవడం మీకు తెలుసు, నాకు తెలుసు. మూడేళ్ళ పిల్లకి తెలుసా?

పెడల్ పంతులు
కడిగేది మూడేళ్ళ పిల్ల కాదు కదా, వాళ్ళమ్మ.

నిశ్శబ్ద పాఠకురాలు
వాళ్ళ నాన్న కూడా కడగొచ్చు పంతులు గారూ. నేనిక్కడ ఎప్పుడూ రాయను. ఇది చూసి ఉండబట్టలేకపోయాను.

స్పొకేన్ వదిన
నేను ఆ ట్రయిల్‌కి నలభై నిమిషాల దూరంలో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. ఇద్దరూ సగం సగం చెబుతున్నారు. తారు దారి మంచిదే, పంతులు గారు చెప్పింది నిజం. పైగా మీరు తొక్కబోయే ముక్కని చూసుకునేది ఇక్కడి ఆదివాసులు, కోర్ డలేన్ తెగవాళ్ళు, చాలా శుభ్రంగా ఉంచుతారు. అసలు ఈ శుభ్రం చేయించే గొడవలో గనుల కంపెనీల మీద 1991లో కోర్టుకెళ్ళిందీ వాళ్ళే. సరస్సు అడుగున దక్షిణాన ఉన్న మూడో వంతు వాళ్ళదేనని 2001లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

కానీ హారిసన్ ఎక్కడుందో మ్యాపులో చూడండి. కోర్ డలేన్ నది వచ్చి సరస్సులో కలిసేది అక్కడే. గనుల దగ్గర్నుంచి వందేళ్ళ పైచిలుకు కొట్టుకొచ్చిన సీసం కలిసిన ఒండ్రు సరస్సు అడుగున ఏడున్నర కోట్ల టన్నులు పేరుకుందని లెక్క. వరద వస్తే నది పక్కన మళ్ళీ కొత్త బురద. ఏటా వసంతంలో వలస వచ్చే హంసలు అక్కడి మడుగుల్లో దుంపల కోసం అడుగు బురద కెలుకుతాయి, ఆ సీసం కడుపులోకి పోయి, తిన్నది అరగక, ఎండిపోయి చనిపోతాయి. నేను కళ్ళారా చూశాను, మెడ పైకి లేపలేవు. కాబట్టి సైకిల్ తొక్కండి. నది ఒడ్డున బురదలో మాత్రం పిల్లని ఆడుకోనివ్వకండి.

భయమనుకుంటే నార్త్ ఐడహో సెంటెనియల్ ట్రయిల్ ఉంది. అదీ తారు దారే, కోర్ డలేన్ ఊళ్ళోంచి సరస్సు పక్కనే హిగిన్స్ పాయింట్ దాకా వెళ్తుంది. పార్కులున్నాయి, అన్నీ దగ్గర్లోనే.

పెడల్ పంతులు
వదిన గారూ, హంస బురద తింటుంది. మన పిల్లలు తినరు. పోలిక పెట్టేముందు ఆలోచించాలి. నేను సివిల్ ఇంజనీరుని, ఇలా మూత వేసే పనులు చేసినవాణ్ణి. ఇది 1983 నుంచి సూపర్‌ఫండ్ జాబితాలో, అంటే విషంతో పాడైన చోట్లని శుభ్రం చేయించే అమెరికా ప్రభుత్వ జాబితాలో, ఉన్న ప్రాంతం. అంటే మన దగ్గరలా గాలికి వదిలేసింది కాదు, కొలిచి, బోర్డు పెట్టి, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో చెప్పిన చోటు. నన్నడిగితే బోర్డు లేని చోటుకే భయపడాలి. మీ ఇంట్లో ఇండియా నుంచి తెచ్చిన అల్యూమినియం కుక్కర్ ఉందా? అలాంటి గిన్నెల్లోంచి, కుక్కర్లలోంచి సీసం దిగుతుందని మన సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీ వాళ్ళు పరీక్ష చేసి మరీ చెప్పారు. రోజూ అందులో పప్పు వండుకుంటూ, ఏడాదికొక్కసారి తొక్కే సైకిల్ దగ్గర ఇంత రాద్ధాంతమా?

కొల్లేటికొంగ
కుక్కర్ పారేశాం. ఎప్పుడో పారేశాం. ఎందుకో చెప్తాను వినండి.

మాది ఏలూరు. 2020 డిసెంబరులో మా ఊళ్ళో ఏం జరిగిందో మీకు గుర్తుండకపోవచ్చు. మనుషులు ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు, వందల మంది. అందులో మా అమ్మ ఒకరు. వంటింట్లో నిలబడి ఉన్నావిడ నిలబడ్డట్టే పడిపోయింది. నేనిక్కడ, కోవిడ్ రోజులు, విమానం దొరకదు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ వాళ్ళు చెప్పారు. తర్వాత పురుగుమందులన్నారు. ఆవిడ ఏ నీళ్ళు తాగింది, ఏ కూర తింది, దేనివల్ల వచ్చింది అని ఈ రోజుకీ మాకు విడమర్చి చెప్పినవాడు లేడు. మా అన్నయ్య ఫోన్లో రోజూ ఒకటే మాట: ఏం కాదురా, అన్నీ చూసుకుంటున్నారు, ఏం కాదు. ఆ "ఏం కాదు" అన్న మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది పంతులు గారూ. మీ మొదటి పోస్టు నిండా అదే ఉంది.

పెడల్ పంతులు
అమ్మగారి సంగతి బాధాకరమే. కానీ ఏలూరుకీ ఐడహోకీ ఏం సంబంధం? అక్కడ కారణమే తేలలేదు. ఇక్కడ కారణం తెలుసు, ఎక్కడుందో తెలుసు, మూశారు. నీ ఊరి బాధ తెచ్చి అందరి ట్రిప్పులూ పాడుచేస్తానంటే ఎలా?

కొల్లేటికొంగ
"నీ" ఏంటండీ? నేను మిమ్మల్ని గారు అంటున్నాను.

ఇక ఇక్కడ కారణం ఎలా తెలిసిందో కూడా చెప్పండి. ఎగువన కెల్లాగ్‌లో సీసం కరిగించే ఫ్యాక్టరీ ఉండేది. 1973లో పొగ వడపోసే విభాగం తగలబడింది. ఫ్యాక్టరీ ఆపలేదు, నెలల తరబడి అలాగే నడిపారు. మరుసటి ఏడు పరీక్ష చేస్తే చుట్టూ మైలు దూరంలో ఉన్న పిల్లల్లో దాదాపు అందరికీ రక్తంలో సీసం డెసిలీటరుకి 40 మైక్రోగ్రాములు దాటింది. ఇప్పుడు అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 3.5 దగ్గరే జాగ్రత్త పడమంటోంది. ఒక్కో పిల్లకి ఎంత పరిహారం కట్టాల్సి వస్తుందో యాజమాన్యం లెక్కవేసుకున్న కాగితం తర్వాత బయటపడింది. ఆ రోజుల్లో ఆ ఊళ్ళో కూడా ఏం కాదు అని చెప్పే ఇంజనీరు ఒకడు ఉండే ఉంటాడు.

పెడల్ పంతులు
ఓహో, ఇప్పుడు నేను పిల్లల్ని చంపే కంపెనీ ఇంజనీర్నయ్యానా! ఆ ఫ్యాక్టరీ 1981లోనే మూతపడింది స్వామీ.

సరే, నేనూ ఒకటి చెప్తాను. పోయినేడు ఇలాగే నేను ఆరు నెలల ముందు ప్లాన్ చేశాను. ఇల్లు బుక్ చేశాను, సైకిళ్ళు బుక్ చేశాను, ఎనిమిది కుటుంబాలు. బయల్దేరే వారం ముందు ఒకావిడ వాట్సాప్‌లో ఆ బోర్డు ఫొటో పెట్టింది. అంతే, రాత్రికి రాత్రి ఆరు కుటుంబాలు జారుకున్నాయి. నేనూ, మా ఆవిడా, ఇంకో జంట. అంత పెద్ద ఇంట్లో నలుగురం. అడ్వాన్స్ మొత్తం నా నెత్తిన. ఎవరూ ఫోన్ చేసి సారీ కూడా చెప్పలేదు. ఎవరికీ కనీసం మట్టి అంటలేదు, నాకు మాత్రం అప్పు అంటింది.

బిర్యానీ బ్యాచ్
ఇదన్నమాట సంగతి.

అడ్మిన్
ఇద్దరూ మర్యాద తప్పొద్దు. ఇంకొక్కసారి ఏకవచనం కనిపిస్తే థ్రెడ్ మూసేస్తాను.

ఎండమావి
నాదొక చిన్న సందేహం. టైర్లకి అంటిన మట్టి కారులోకి రాదా?

స్పొకేన్ వదిన
వస్తుంది. అందుకే బూట్లు, టైర్లు దులిపి ఎక్కించమని అక్కడ రాసే ఉంటుంది. మేం పాత తువ్వాలు ఒకటి పట్టుకెళ్తాం.

సాయంకాలం
రెండు రోజులు చూస్తూ ఊరుకున్నాను. నేను మొదట్లోనే చెప్పాల్సింది, చెప్పలేదు. క్షమించండి.

పోయిన చలికాలం పాపకి రక్తపరీక్షలో సీసం 4.1 వచ్చింది. అప్పుడు మేం అద్దెకున్న ఇల్లు బాగా పాతది. కిటికీ పెయింట్ పెచ్చులూడేది, పాప ఆ కిటికీ దగ్గరే ఆడుకునేది. ఇల్లు మారాం. డాక్టరు గారు కంగారు పడక్కర్లేదు, ఆగస్టులో మళ్ళీ చూద్దాం అన్నారు. మావారూ అదే పట్టుకున్నారు, కంగారు పడక్కర్లేదని. నేను ఏ మాట ఎత్తినా "మళ్ళీ మొదలెట్టావా" అంటారు. మా అత్తగారయితే మా రోజుల్లో సీసం పెయింట్ ఊయల్లోనే పెరిగారు మీరంతా అంటారు. ఇక్కడ ప్రశ్న వేసింది నిజానికి నాకు తెలియక కాదు. నలుగురూ వద్దంటే ఆ పేజీ తీసి ఆయనకి చూపిద్దామని.

నిశ్శబ్ద పాఠకురాలు
అయ్యో. అనుకున్నాను.

పెడల్ పంతులు
అమ్మా, ఈ ముక్క ముందే చెప్పి ఉంటే నేను అలా రాసేవాణ్ణి కాదు. ఆగస్టులో పరీక్ష ఉందంటే జులైలో ఈ ట్రిప్పు పాపకి వద్దు. దారి మంచిది కాదని కాదు, దారి మంచిదే, ఆ మాట మీద నేను ఉన్నాను. ఒకవేళ ఆగస్టులో అంకె పెరిగితే అది కిటికీ వల్లో, ట్రిప్పు వల్లో మీకు తేలదు. ఆ తేలకపోవడమే మిమ్మల్ని తినేస్తుంది. ఇది ఇంజనీరుగా చెబుతున్నాను.

కొల్లేటికొంగ
మొదటిసారి మీతో ఏకీభవిస్తున్నాను. ఆ తేలకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పులిహోర విషయంలో మాత్రం నా మాట నాదే.

పెడల్ పంతులు
బల్ల మీద తినమన్నాను కదండీ!

స్పొకేన్ వదిన
సాయంకాలం గారూ, మావారు కూడా అంతే. మీవాళ్ళు హారిసన్ వెళ్ళిన రోజు మీరూ పాపా కోర్ డలేన్ ఊళ్ళో ఉండిపోండి. నేనూ వస్తాను. సెంటెనియల్ ట్రయిల్ మీద ట్రైలర్ నేను లాగుతాను, నా సైకిల్‌కి గేర్లు ఎక్కువ.

సాయంకాలం
థాంక్సండీ. మావారికి థ్రెడ్ చూపించాను. పంతులు గారి మొదటి పోస్టు గట్టిగా చదివి, చూశావా అన్నారు. కిందికి జరపమన్నాను. ఇంకా చదువుతున్నారు.

కొల్లేటికొంగ గారూ, మీ అమ్మగారు ఇప్పుడెలా ఉన్నారు?

కొల్లేటికొంగ
మళ్ళీ రాలేదండీ, బాగానే ఉంది. పెళ్ళిళ్ళకి వెళ్ళినా సొంత నీళ్ళ సీసా సంచిలో పెట్టుకెళ్తుంది. ఎవరైనా మంచినీళ్ళు ఇస్తే గ్లాసు తీసుకుని, ఊరికే పట్టుకు కూర్చుంటుంది.