అప్‌డేట్: గుర్రప్పిల్లల జన్యుసామర్థ్యం ఎందుకు పెరగలేదో తెలిసింది

గుర్రాలను పెంచే ఆన్‌లైన్ ఆట హౌర్స్ (Howrse)లో మంచి జన్యుసామర్థ్యం (పుట్టుకతో వచ్చే నైపుణ్యాల స్థాయి) గల గుర్రాలను ఎంచి జతకట్టించినా, పుట్టే పిల్లలు తల్లిదండ్రులను మించడం లేదెందుకని నెల కిందట అడిగాను. జవాబిచ్చినవారిలో ఎక్కువమంది "బ్లప్ ఎంత ఉంది?" అని ఎదురు ప్రశ్న వేశారు. బ్లప్ (BLUP) అంటే గుర్రం తన జన్యుసామర్థ్యాన్ని పిల్లలకు ఎంత బాగా అందించగలదో చూపే అంకె. పొరపాటు సరిగ్గా అక్కడే జరిగింది.

పుట్టినప్పుడు మైనస్ 100 ఉండే బ్లప్ 100కు చేరాలంటే గుర్రానికి ఆట లెక్కలో పదేళ్లు నిండాలి, దాని ప్రధానమైన మూడు నైపుణ్యాలలో శిక్షణ పూర్తికావాలి, 20 పోటీలు గెలవాలి. నేనేమో ఆడగుర్రానికి రెండున్నరేళ్లు వచ్చీ రాగానే, అవకాశం ఉంది కదా అని జతకట్టించడానికి తొందరపడ్డాను. అప్పటికి శిక్షణ సగమైనా కాలేదు, గెలుపులు నాలుగో అయిదో ఉన్నాయి.

ఈసారి ప్రధానమైన మూడు నైపుణ్యాలూ రెండింటికీ ఒకటే అయిన ఒక్క జతనే ఉంచుకుని, తక్కినవాటిని అమ్మేశాను (ఒకదాన్ని అమ్మడానికి మనసొప్పక రెండు రోజులు ఆగిన మాట నిజమే). శిక్షణ కన్నా గెలుపులే ఎక్కువ విసిగించాయి. పందొమ్మిదో గెలుపు తర్వాత మగగుర్రం వరుసగా ఓడుతూ వచ్చింది. శక్తి తరిగిపోయిన ప్రతిసారీ మేత వేసి, నిద్రపుచ్చి, మర్నాడు బలహీనమైన పోటీదారులున్న పందెం వెతికి దింపాను. చివరకు రెండింటికీ బ్లప్ 100 చూపించింది.

నిన్న పుట్టిన ఆడ గుర్రప్పిల్ల జన్యుసామర్థ్యం, స్వల్ప తేడాతోనే అయినా, తల్లినీ తండ్రినీ కూడా దాటింది. దాని శిక్షణ ఇవాళే మొదలుపెట్టాను. పదేళ్లు నిండేదాకా జతకట్టించను.